చెల్లెలు పడిపోయిన పేజీ

పుస్తకాలు చదివేవాళ్ళ గ్రూపులో పొద్దున్నే పువ్వులెందుకు పంపుతారో ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు. ఒకరు గులాబీ పంపుతారు. అది చూసి ఇంకొకరికి తామేదో మర్యాద తప్పినట్టనిపించి రెండు గులాబీలు పంపుతారు. ఎనిమిదయ్యేసరికి గ్రూపు నర్సరీ అయిపోతుంది. ఫోను ఇంక చోటు లేదు మొర్రో అంటుంది. అప్పుడు అడ్మినమ్మ బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో శుభోదయాలన్నీ ఏరి ఏరి చెరిపేస్తుంది. రోజూ ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలూ చదువుకుని ఉంటే ఈ రెండేళ్ళలో ఎన్ని పుస్తకాలు పూర్తయ్యేవో ఆమెకి తెలుసుకోవాలని లేదు.

అడ్మినమ్మ అన్నది ఇంట్లో ఆయన వెక్కిరింపుగా పెట్టిన పేరు. అసలు పని కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు చూడడం. పదకొండేళ్ళుగా చీకటి గదిలో స్టూలు మీద కూర్చుని, ఎదుటివాళ్ళ ముక్కు మీద బరువైన గుండ్రటి ఫ్రేము పెట్టి, అద్దం మీద అద్దం మారుస్తూ "ఒకటి బావుందా, రెండు బావుందా" అని అడుగుతోంది. షాపు ఓనరు ఆమెని "ఇదిగో" అని పిలుస్తాడు. గ్రూపులో నలభైమంది "మేడమ్" అంటారు. ఇదిగోకీ మేడమ్‌కీ మధ్య దూరం ఎంతో ఆమెకి బాగా తెలుసు. ఆ దూరం మీదే ఆమె బతుకుతోంది.

ఆ గురువారం కొత్త పుస్తకం ఎంచుకునే రోజు. పద్ధతి ఏమిటంటే, ఎవరికి తోచిన పుస్తకం వాళ్ళు చెప్పాలి. మర్నాడు ఓటింగు. ఎవరి పుస్తకం గెలిస్తే మీటింగులో ప్రశ్నలు వాళ్ళే అడగాలి. పువ్వులు తుడవడం పూర్తికాకుండానే రెండు పేర్లు వచ్చేశాయి. రిటైరయిన హెడ్మాస్టరు గారు మూడు సంపుటాల గ్రంథం ఒకటి చెప్పారు. పదకొండు వందల పేజీలు. "చదివి తీరవలసినది" అని కింద రాశారు. ఆయన చెప్పే పుస్తకాలన్నీ వాళ్ళ హాల్లో అద్దాల బీరువాలో ఉంటాయి. ఆ బీరువా తాళంచెవి పోయి నాలుగేళ్ళయిందని వాళ్ళావిడ ఒకసారి నోరు జారింది. రెండో పుస్తకం అడ్మినమ్మ ఆడపడుచు చెప్పింది. "ఇది సినిమాగా వచ్చింది, రెండు గంటలే" అని కారణం కూడా రాసింది. దాపరికం లేని మనిషి.

మూడోది తొమ్మిదింపావుకి వచ్చింది. షాపు షట్టరు సగం లేచి అక్కడే పట్టేసింది. అడ్మినమ్మ నడుం వంచి లోపలికి దూరుతుండగా చేతిలో ఫోను కదిలింది. పంపింది టైలరమ్మ.

టైలరమ్మ గ్రూపులో చేరి ఏడాదిన్నర. కర్టెన్లకీ స్కూలు యూనిఫాంలకీ అంచులు కుట్టే మనిషి. దగ్గరచూపు అద్దాలు ఇస్తూ "ఇంక హాయిగా చదువుకోవచ్చమ్మా" అని అడ్మినమ్మ అందరితో అన్నట్టే అంటే, "ఏం చదవమంటారు మేడమ్" అని అడిగింది. అలా అడిగిన కస్టమర్ అంతకుముందు లేదు. అక్కడికక్కడే గ్రూపులో చేర్చేసింది. చేరాక ఆవిడ ఒక పువ్వు పంపలేదు, ఒక ముక్క రాయలేదు. మీటింగుల్లో మైకు ఎప్పుడూ ఆపే ఉండేది. అలాంటి మనిషి ఇప్పుడు రాసింది:

"అందరికీ నమస్కారం. పోయిన నెల పుస్తకమే ఇంకోసారి చదువుకుందామా. నాకు ఒక చోట అర్థం కాలేదు."

అడ్మినమ్మ షట్టరు కింద వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది.

"ఇదిగో, లోపలికా బయటికా?" అన్నాడు వెనకనుంచి ఓనరు.

టైలరమ్మకి అర్థం కానిది ఏ చోటో అడ్మినమ్మకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

పోయిన నెల చదివింది ఒక రేవు నవల. పడవల రేవులో టికెట్లు ఇచ్చే కుటుంబం కథ. తండ్రి, అన్న, చెల్లెలు. మూడొందల పన్నెండు పేజీలు. అందులో అడ్మినమ్మ చదివినవి పది. అట్ట మీద ఖాళీ పడవ, పడవలో ఒకే ఒక్క చెప్పు. మీటింగు మొదలై నాలుగు నిమిషాలైనా ఎవరూ నోరు విప్పకపోతే, నడిపే మనిషి కాబట్టి, ఆమె గొంతు సవరించుకుని "చెల్లెలు పడవలోంచి పడిపోయే చోట నేనింక చదవలేక పుస్తకం మూసేశానండీ" అంది. చదవలేక మూసేసిన మాట నిజమే. అంతే, కట్ట తెగింది. ఆడపడుచు కొంగు అడ్డం పెట్టుకుంది. ఒకాయన తనకి రెండురోజులు ముద్ద దిగలేదన్నాడు. హెడ్మాస్టరు గారు ఆ చావు మీద ఇరవై రెండు నిమిషాలు మాట్లాడి, నీళ్ళు దేనికి సంకేతమో చెప్పారు. వింటూ వింటూ అడ్మినమ్మకే కళ్ళు తడయ్యాయి. ఆ గోలలో టైలరమ్మ మైకు గుర్తు ఒక్కసారి పచ్చగా వెలిగి ఆరిపోయింది. చూసినది అడ్మినమ్మ ఒక్కతే.

ఆ గురువారం సాయంత్రం అడ్మినమ్మ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే బీరువా మీంచి పుస్తకం తీసింది. అద్దాలు తుడిచే గుడ్డ ఒకటి గుర్తుగా పెట్టుకుంది, అది పదకొండో పేజీలోనే ఉంది. కూర్చుంది. పదకొండో పేజీ మొదటి వాక్యం మూడుసార్లు చదివింది. మధ్యలో ఫోను ఐదుసార్లు చూసింది.

ఇంట్లో ఆయన నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. ఆ ఇంట్లో క్రమం తప్పకుండా రీడింగు చేసేది తనొక్కడినేనని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు.

"ఆ గుడ్డ పదకొండో పేజీలో కాపురం పెట్టి నలభై రోజులైంది. పిల్లల్ని పెడుతుందేమో చూడు" అన్నాడు.

"ఏమండీ, ఒక మాట. చెల్లెలు పడిపోదేమోనండీ."

"ఎవరు, మా చెల్లెలా?"

"పుస్తకంలో చెల్లెలు."

"అదేంటి. మొన్న మీరందరూ ఏడుస్తుంటే ఎవరో పోయారనుకుని పక్కింటాయన నన్ను పలకరించి వెళ్ళాడు."

ఆమె గుడ్డని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. ఆయన మొహంలో వెక్కిరింపు తగ్గిపోయింది.

"ఒక్కరూ చదవలేదా?"

"టైలరమ్మ చదివింది."

"నలభై ఇళ్ళకి ఒకే రీడింగు వచ్చిందంటే మీటరు మొహం చూడకుండా రాసినట్టు" అన్నాడు ఆయన, ఉద్యోగంలో మాట్లాడే గొంతుతో. "మా దగ్గర దానికి మెమో ఇస్తారు."

శుక్రవారం ఓటింగు. చదివిన పుస్తకానికి మళ్ళీ ఎవరు ఓటేస్తారులే అన్నది అడ్మినమ్మ ధైర్యం. ఆ ధైర్యంతోనే పదిన్నరకి ఒక ముసలాయన కళ్ళజోడు అద్దాన్ని అరగదీసే మిషన్లో బిగించింది. అద్దం చుట్టూ నీళ్ళు చిమ్ముతూ మిషను తిరుగుతుంటే పక్కన ఫోనులో అంకెలు పెరుగుతున్నాయి. పన్నెండు. పంతొమ్మిది. అద్దం బయటికి తీసి, అంచు మీద వేలు పెట్టి నునుపు చూసుకుని, తుడిచి, ఫ్రేములో కూర్చోబెట్టేసరికి ఇరవై తొమ్మిది. సినిమా పుస్తకానికి ఆరు. మూడు సంపుటాలకి ఒకటి. ఓటు ఎవరు దేనికి వేశారో కనపడుతుంది కాబట్టి ఆ ఒకటీ హెడ్మాస్టరు గారిదేననీ, వాళ్ళావిడ ఓటు టైలరమ్మకి పడిందనీ కూడా అందరికీ తెలిసింది.

అడ్మినమ్మకి సంగతి అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. చదివేసిన పుస్తకమంటే చదవక్కర్లేని పుస్తకం. నెల రోజుల సెలవు ఎవరికి చేదు. అంతటితో ఆగలేదు. ఎవరో "ఎలాగూ చదివేసిందే కదా, నెలంతా ఎందుకు, ఈ ఆదివారం ఐదింటికే కానిచ్చేద్దాం" అని రాశారు. దానికి ముప్ఫై ఒక్క బొటనవేళ్ళు లేచాయి. ఆ పుస్తకానికి పడ్డ ఓట్లకన్నా రెండు ఎక్కువ.

ఆదివారమంటే ఎల్లుండి. ప్రశ్నలడిగేది టైలరమ్మ.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు ఫోను చేశారు. అడ్మినమ్మ అద్దాల పెట్టెల వెనక గోడవైపు తిరిగి నిలబడింది.

"అమ్మాయ్, ఇదేం పద్ధతి? పాసైన పిల్లల్ని తీసుకెళ్ళి మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెడతామా?"

"ఓట్లు పడ్డాయి కదా సార్."

"ఓట్లు ఎవరికైనా పడతాయి. ఆవిడేం చేస్తుంది?"

"బట్టలు కుడుతుందండీ."

"ఊఁ. పాపం, అర్థమై ఉండదు. తప్పు ఆవిడది కాదు. మనం స్థాయి చూసుకుని చేర్చుకోవాల్సింది."

అడ్మినమ్మకి ఒళ్ళు మండింది. మండినా, నలభైమందిలో ఒకరైనా చదివుంటే బాగుండునన్న ఆశ కూడా ఆ మంటలోంచే పుట్టింది. "సార్, ఆ చెల్లెలు పడిపోయేది ఏ పేజీలో అండీ?" అని నెమ్మదిగా అడిగింది.

 అవతల బీరువా అద్దం మీద గోటితో టకటక కొట్టిన చప్పుడు వినపడింది.

"పేజీలు గుర్తుపెట్టుకునేది గుమాస్తాలమ్మా. మనం సారాంశం గుర్తుపెట్టుకుంటాం" అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించారు. "ఒక పని చెయ్. ఆవిణ్ణి గ్రూపులోంచి తీసెయ్. నొప్పి తెలియకుండా. నెట్‌వర్కులో ఏదో అయిందని చెబుదాం."

ఫోను పెట్టేశాక అడ్మినమ్మ టైలరమ్మ పేరు మీద వేలు పెట్టి నొక్కి పట్టింది. "తొలగించు" అన్న ఎర్ర అక్షరాలు పైకి వచ్చాయి. బొటనవేలు వాటి మీద గాలిలో నిలబడింది. నొక్కలేకపోయింది. మంచితనం వల్ల అని చెబితే అబద్ధమవుతుంది. ఎవరిని తీసేసినా ఎవరు తీశారో కూడా గ్రూపులో పడుతుందని అప్పుడే గుర్తొచ్చింది.

దానికి బదులు తెలివైన పని అనుకుని ఇంకోటి చేసింది. గ్రూపు వివరాల్లో ఏడు నియమాలున్నాయి. వాటి కింద గుట్టు చప్పుడు కాకుండా ఎనిమిదోది చేర్చింది: ఒకసారి చదివిన పుస్తకం రెండేళ్ళవరకు మళ్ళీ ఎంచుకోరాదు. ఇది మొదటినుంచీ ఉన్నదే అన్నట్టు ఏడో దాని పక్కన బుద్ధిగా కూర్చుంది. అడ్మినమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వదిలేలోపే గ్రూపు మధ్యలో, నలభై ఒక్కమంది కళ్ళముందు, బూడిదరంగు అక్షరాల్లో పడింది: "అడ్మిన్ గ్రూపు వివరాలు మార్చారు."

మొదట ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, ఎనిమిదో రూలు ఇప్పుడే కన్నావా? ఇంకా వేడిగా ఉంది."

"అది... పాతదే. టైపు చెయ్యడం మర్చిపోయా."

"ఏమోలే. పాత పుస్తకమే ఉంచు వదినా, నీకు పుణ్యముంటుంది. కొత్త పుస్తకమంటే నావల్ల కాదు."

అరగంటలో గ్రూపంతా అదే గోల. చివరికి "పొరపాటున నొక్కుకుపోయింది, క్షమించాలి" అని రాసి ఎనిమిదో నియమాన్ని తీసేసింది. అది కూడా బూడిదరంగు అక్షరాల్లో పడింది.

శనివారం పదకొండింటికి టైలరమ్మ షాపుకి వచ్చింది.

అద్దాల తలుపు బయట చెప్పులు విడవబోయి, అక్కర్లేదని గుర్తొచ్చి, మళ్ళీ వేసుకుంది. కర్టెను గుడ్డతో తనే కుట్టుకున్న చిన్న సంచిలోంచి కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టింది.  నిలదీయడానికే వచ్చిందనుకుంది అడ్మినమ్మ.

"మేడమ్, నా సైటు మారిందేమో చూస్తారా?"

చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి గుండ్రటి ఫ్రేము ముక్కు మీద నిలబెట్టింది. ఈ గదిలో ఏం మాట్లాడాలో అడ్మినమ్మకి అలవాటే కాబట్టి నోరు దానంతట అదే అడిగింది. "చదివేటప్పుడు ఎలా ఉంటోందమ్మా? మసకగానా?"

"మసకేం లేదు మేడమ్. కొన్ని పేజీలు కనపడటం లేదు."

"అక్షరాలు అలుక్కుపోతున్నాయా?"

"కాదు. పేజీయే కనపడటం లేదు. రేవు పుస్తకంలో చెల్లెలు పడవలోంచి పడిపోయే పేజీ." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని నిదానంగా చెప్పింది. "రెండుసార్లు చదివాను. నిద్రమత్తులో దాటేశానేమో అని మూడోసారి లైను కింద వేలు పెట్టుకుని చదివాను. నా పుస్తకంలో కాగితాలు ఊడిపోయాయేమో అని లైబ్రరీకి వెళ్ళి అక్కడి పుస్తకం పక్కన పెట్టుకుని పేజీకి పేజీ తిప్పాను. అందులోనూ కనపడలేదు."

అడ్మినమ్మ చేతిలో అద్దం జారి ట్రేలో పడింది.

"అందరికీ కనపడిందిగా మేడమ్. నలభైమంది చదువుకున్నవాళ్ళు. అంతమందికి కనపడి నాకొక్కదానికే కనపడలేదంటే లోపం ఎక్కడుందో తెలుస్తూనే ఉంది. సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కిస్తాను. మరి ఇదేంటో." ముక్కు మీద ఫ్రేము సర్దుకుంది. "మా కోడలు అంది, అత్తయ్యా, యాభై ఏళ్ళు దాటాక చదువు మొదలుపెడితే బుర్రకి పట్టదు, ఎందుకొచ్చిన తిప్పలు అని. అద్దాలతో సర్దుకునేదైతే సరే. కాదంటే మానేస్తాను మేడమ్. ఇదివరకు చదవని మనిషినే కదా, కొత్తగా పోయేదేం లేదు."

అప్పుడే చెప్పేయాల్సింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఇదిగో, ఇంకెంతసేపు?" అని బయటనుంచి ఓనరు కేకేశాడు. అడ్మినమ్మ అద్దం తీసి తుడిచి ఫ్రేములో వేసింది.

"ఒకటి బావుందా, రెండు బావుందా?"

"రెండూ ఒకటే మేడమ్."

నంబరు వీసమెత్తు మారలేదు. పద్ధతి ప్రకారం దగ్గరచూపు కార్డు చేతికిచ్చింది. పై లైను పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. అట్టడుగు లైను చీమల బారులా ఉంటుంది. టైలరమ్మ పైనుంచి కిందిదాకా ఎక్కడా ఆగకుండా చదివింది. ఆఖరి లైను కూడా చదివింది. "పొద్దు గుంకక ముందే పక్షులు గుళ్ళకు చేరాయి." అక్కడ ఆగి కార్డు కొంచెం దూరంగా పట్టుకుంది.

"పక్షులు గుళ్ళకెందుకు మేడమ్?"

"గూళ్ళకమ్మా. గూళ్ళకు చేరాయి."

"ఇక్కడ గుళ్ళకనే ఉంది."

అడ్మినమ్మ కార్డు తీసుకుని దీపం కింద పెట్టి చూసింది. గుళ్ళకనే ఉంది. పదకొండేళ్ళుగా రోజుకి పదిమందికి ఆ కార్డు ఇస్తోంది. డాక్టర్లు చదివారు, లాయర్లు చదివారు, తెలుగు పాఠాలు చెప్పే టీచర్లు చదివారు. అందరూ గూళ్ళకనే చదివారు. తను ప్రతిసారీ కార్డువైపు చూస్తూ, సరిగ్గా చదివారని తల ఊపింది.

"కార్డులో తప్పుందమ్మా. మీరు చదివిందే కరెక్టు."

"ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదా?"

"ఎవరూ చెప్పలేదు. అందరూ గూళ్ళనే చదివారు."

టైలరమ్మ మొహం వాడిపోయింది. "చూశారా మరి. అందరికీ గూళ్ళు కనపడ్డాయి. నాకు గుళ్ళు. నంబరు పెంచండి మేడమ్."

అడ్మినమ్మ కళ్ళజోడు చేతిలోకి తీసుకుంది. ఒక కాడ వదులైంది. సన్న స్క్రూ డ్రైవరుతో మర బిగించింది. కాడని వేడి గాలి దగ్గర పెట్టి, మెత్తబడ్డాక చెవి వంపు దగ్గర బొటనవేలితో నెమ్మదిగా వంచింది. అవసరమైనదానికన్నా చాలాసేపు చేసింది. చివరికి కళ్ళజోడునే చూస్తూ, "సైటు మారలేదమ్మా. ఆ పేజీ... ఎడిషన్ తేడా అయ్యుంటుంది" అంది.

"లైబ్రరీదీ నాదీ ఒకే ఎడిషనా?"

"అయ్యుంటుంది."

"అయితే రేపు మీటింగులో అందరినీ అడుగుతాను. ఎవరో ఒకరు ఆ పేజీ చదివి వినిపిస్తే చాలు. నా మనసు కుదుటపడుతుంది." కళ్ళజోడు పెట్టుకుని తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఎవరైనా చదవగానే ఆపేస్తాను మేడమ్. అందరినీ విసిగించను."

ఆ మధ్యాహ్నం అడ్మినమ్మ తలనొప్పి అని చెప్పి షాపునుంచి వచ్చేసింది. ఫోను ఆపేసి ఆయనకిచ్చింది. ఆయన దాన్ని మీటరు పుస్తకాల సంచిలో పెట్టి జిప్పు వేశాడు. పదకొండో పేజీలోంచి గుడ్డని లాగేసింది. రేవులో తెల్లవారడం దగ్గరనుంచి మొదలుపెట్టింది. మొదటి యాభై పేజీలు ప్రతి పేజీలోనూ ఆ పిల్ల పడిపోతుందేమో అని వెతుకుతూ చదివింది. పడిపోతే బాగుండునని ఎంత కోరుకుందో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఎనభయ్యో పేజీ దాటాక వెతకడం మర్చిపోయింది. ఆదివారం మధ్యాహ్నానికి, చెల్లెలు టికెట్ల కిటికీ దగ్గర తండ్రి స్టూలు ఎక్కి కూర్చునే చోటు వచ్చేసరికి, పడిపోవద్దని వేడుకుంటూ చదువుతోంది. పడిపోలేదు. నాలుగుంపావుకి చివరి పేజీ వచ్చింది. చెల్లెలు ఆఖరి పడవకి టికెట్టు చింపి, కిటికీ మూసి, అన్నని కేకేస్తుంది. అక్కడితో అయిపోయింది. అట్ట మీది చెప్పు అన్నయ్యది. రేవులో హడావిడిగా దూకుతూ పడవలో వదిలేశాడు.

అడ్మినమ్మ ఈసారి నిజంగానే పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయింది.

"పడిందా?" అన్నాడు ఆయన.

"లేదండీ."

"మరి ఏడుస్తున్నావేం?"

"బావుంది, అందుకని."

ఐదింటికి తెర మీద ఇరవై ఏడు గళ్ళు తెరుచుకున్నాయి. టైలరమ్మ కుట్టు మిషను పక్కన కూర్చుంది. మిషను మీద గుడ్డ లేదు, పుస్తకం ఉంది. ఆవిడ మైకు పచ్చగా వెలిగింది. ఏడాదిన్నరలో ఆ గొంతు అందరూ వినడం అదే మొదటిసారి.

"నాది ఒకటే ప్రశ్నండీ. చెల్లెలు పడిపోయే పేజీ ఎవరైనా చదివి వినిపిస్తారా?"

 ఒకరిద్దరి గళ్ళు ఉన్నట్టుండి నల్లబడ్డాయి. నెట్‌వర్కు బాలేదట. హెడ్మాస్టరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"రెండొందల పద్నాలుగు" అన్నారు, తొణక్కుండా.

పేజీలు తిప్పుతున్న చప్పుడు మైకులో గట్టిగా వినపడింది. టైలరమ్మ వేలు పెట్టుకుని చదివింది. "తాడు తడిసిపోయిందని అన్న దాన్ని గట్టు మీద ఎండబెట్టాడు." తల ఎత్తింది. "ఇది కాదేమో సార్."

"కొంచెం అటూ ఇటూ చూడమ్మా."

ఆవిడ ఒక పేజీ అటు తిప్పింది. ఒక పేజీ ఇటు తిప్పింది. కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. వెలుగుతున్న గళ్ళన్నింటిలోంచీ ఆవిణ్ణి జాలిగా చూస్తున్నారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "కనపడటం లేదండీ" అంది. చాలా చిన్న గొంతుతో అంది.

అడ్మినమ్మ మైకు నొక్కింది. వేలు తడిగా ఉండి మొదటిసారి నొక్కుకోలేదు. రెండోసారి నొక్కుకుంది.

"ఆ పేజీ లేదండీ. పుస్తకంలో అలాంటి చోటే లేదు. చెల్లెలు పడిపోదు. చివరి పేజీదాకా బతికే ఉంటుంది. పోయిన నెల నేను పది పేజీలే చదివాను. అట్ట మీది బొమ్మ చూసి నోటికొచ్చింది చెప్పాను. టైలరమ్మ చదివిందే నిజం. ఆవిడ ఒక్కరే చదివారు."

  రెండేళ్ళ మేడమ్ అయిపోయింది, ఇంక ఇదిగో ఒక్కటే మిగిలింది అనుకుంది అడ్మినమ్మ. అయినా ఊపిరి తేలిగ్గా ఆడింది.

అప్పుడు హెడ్మాస్టరు గారు చేతులు రెండూ ఎత్తి నమస్కారం పెట్టారు.

"చూశారా సంస్కారం" అన్నారు, గొంతు గద్గదమై. "ఒక సామాన్యురాలు నలుగురిలో చిన్నబోకూడదని నేరం తన మీద వేసుకుంది. నాయకత్వం అంటే ఇదీ."

"కాదు సార్, నిజంగానే..."

"మీరు చదవకపోవడమేంటి మేడమ్, గ్రూపు పెట్టిందే మీరు" అన్నాడు ముద్ద దిగనాయన. "ఆ పేజీ నా కళ్ళముందు ఇంకా అలాగే ఉంది."

"వదిన అంతే" అంది ఆడపడుచు, కళ్ళు ఒత్తుకుంటూ. "చిన్నప్పుడు మా అన్నయ్య పగలగొట్టినవి కూడా తనే పగలగొట్టాననేది." చిన్నప్పుడు వాళ్ళిద్దరికీ పరిచయమే లేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తెర మీద ఎర్రటి హృదయాలు బుడగల్లా పైకి లేవడం మొదలైంది. అడ్మినమ్మ "నేనివాళే చదివి ముగించానండీ, కావాలంటే ప్రశ్నలడగండి" అంది. అడగడానికి ఎవరి దగ్గరా ప్రశ్నలు లేవు. ఏడ్చిన కన్నీళ్ళు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలంటే ముందు అవి ఎందుకొచ్చాయో చెప్పాలి.

ఆ హృదయాల మధ్య టైలరమ్మ అడ్మినమ్మనే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. అంతకన్నా భరించలేనిది ఉంది, కృతజ్ఞత. మైకు ఆపేసుకుంది.

ఆరింటికి అడ్మినమ్మకి విడిగా మెసేజీ వచ్చింది. మామూలుగానే తప్పుల్లేకుండా, ఫుల్‌స్టాపులతో సహా ఉంది.

"మేడమ్, నా పరువు కోసం మీరు అందరి ముందు అంత మాట అనుకోవాల్సింది కాదు. నాకు ఏడుపొచ్చింది. చెల్లెలు పడిపోయే పేజీ ఉందని ఇప్పుడు నాకు పూర్తిగా తెలిసింది, లేకపోతే అంతమంది ఎందుకంటారు. రేపు పదింటికి షాపుకొస్తాను. దయచేసి ఇంకా పెద్ద నంబరు వెయ్యండి. అప్పటికీ కనపడకపోతే నా దగ్గరున్న పుస్తకాలు మీకు తెచ్చిచ్చేస్తాను. చదివేవాళ్ళకి పనికొస్తాయి."

అడ్మినమ్మ వెంటనే ఫోను చేసింది. అది అబద్ధం కాదమ్మా, నిజంగా నేను చదవలేదు అంది. "మీ మంచితనం మేడమ్" అంది టైలరమ్మ. ఒట్టేసి చెప్పింది. "నా కోసం ఒట్లు కూడానా, వద్దు మేడమ్" అంది టైలరమ్మ. ఫోను ఆయనకిస్తే, నలభై మీటర్ల సంగతంతా ఆయన వివరంగా చెప్పాడు. మేడమ్ గారి భర్త కూడా ఎంత మంచివారో అనుకుంటూ ఆవిడ ఫోను పెట్టేసింది.

అదండీ సంగతి. రేపు పొద్దున పదింటికి ఆవిడ వచ్చి ఆ చీకటి గదిలో కూర్చుంటుంది. నంబరు మారిందని లేనిపోని అద్దాలు ఇస్తే నిక్షేపంలాంటి కళ్ళు పాడవుతాయి. మారలేదంటే, లోపం కళ్ళలో కాదు బుర్రలో ఉందని నిర్ధారించుకుని పుస్తకాలు తిరిగిచ్చేస్తుంది. పుస్తకం చూపించి రుజువు చేద్దామంటే, ఆవిడ దాన్ని మూడుసార్లు చదివే ఈ నిర్ణయానికి వచ్చింది. ఇంతమందిలో చదివిన మనిషి ఆవిడొక్కతే, చదవడం చేతకానిదాన్నని నమ్ముతున్నదీ ఆవిడొక్కతే. అడ్మినమ్మ వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఎటూ తోచక గోళ్ళు కొరుక్కుంటోంది. కథ చెబుతున్న మాకూ తోచడం లేదు. బాబ్బాబు, మీకేమైనా ఉపాయం తడితే చెప్పండి, రేపు పదిలోపే చెప్పండి. ఒకటే మనవి, దీన్ని చివరిదాకా చదివినవాళ్ళు మాత్రమే చెప్పండి. మొదటి నాలుగు పేరాలు చూసి సలహాలిచ్చేవాళ్ళు ఆమెకి ఇప్పటికే ముప్ఫై తొమ్మిదిమంది ఉన్నారు.